గట్టు దాటిన అక్షరాలు

ఉద్దేశం

ఉత్తరం, దరఖాస్తు, ప్రశ్నపత్రం, అమ్మకపు బిల్లు మొదలైనవన్నీ నేడు వర్డ్ ప్రాసెసర్ అనే సాఫ్ట్‌వేర్ సహాయంతో తయారవుతున్నాయి. కావున ఆ సాఫ్ట్‌వేర్‌లో ఏర్పడే లోపం సామాన్యుని నిత్యజీవితాన్ని కూడా తాకుతుంది. బఫర్ ఓవర్‌ఫ్లో అనే భద్రతా లోపం ఎలా పుడుతుందో, దానివల్ల కలిగే నష్టం ఎటువంటిదో, నివారణ మార్గాలు ఏవో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ విస్తరించిన మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, ఏలూరు నగరం పక్కగా పారే తమ్మిలేరు, పరిసర ప్రాంతాల మురుగు కాలువలు తెచ్చే నీరంతా ముందుగా ఈ సరస్సుకు చేరుతుంది. అక్కడ కొంతకాలం నిలిచి, ఉప్పుటేరు మీదుగా బంగాళాఖాతంలో కలుస్తుంది. వర్షాకాలంలో ఉరవడిగా వచ్చిపడే వరదనీటిని తనలో ఇముడ్చుకొని, ఉప్పుటేరు మోయగలిగినంత మేరకు మెల్లమెల్లగా విడిచిపెట్టడం కొల్లేరు చేసే మహోపకారం. వచ్చే వేగానికీ, పోయే వేగానికీ మధ్య నిలిచి రెండింటికీ పొత్తు కుదిర్చే ఇటువంటి తావును కంప్యూటర్ శాస్త్రంలో బఫర్ అంటారు.

ఏ తావుకైనా ఒక పరిమితి ఉంటుంది. కొల్లేరు గర్భంలో చేపల చెరువుల గట్లు లేచినకొద్దీ సరస్సు నీటిని పట్టే శక్తి తగ్గింది. 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటితమైన ఈ సరస్సు 2002లో రాంసార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా గుర్తింపు పొందింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట ప్రభుత్వం అనేక చెరువుల గట్లను తొలగించింది. పట్టు తగ్గినా, రాక పెరిగినా ఫలితం ఒక్కటే: నీరు గట్టు దాటుతుంది, పొరుగు చేలనూ లంక గ్రామాలనూ ముంచుతుంది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరుకు గండ్లు పడి విజయవాడలోని అనేక కాలనీలు నీట మునిగిన దృశ్యం ఆంధ్రప్రదేశ్ ప్రజల మనసుల్లో ఇంకా మెదలుతూనే ఉంది.

కంప్యూటర్ మెమరీని వరుసగా మడులు కట్టిన వరిపొలంతో పోల్చవచ్చు. ఒక్కో మడి ఒక్కో అవసరానికి కేటాయించిన చోటు. ఒక మడిలో పత్రం శీర్షిక ఉంటుంది. మరొకదానిలో ఫాంటు పేరు ఉంటుంది. ఇంకొకదానిలో ప్రోగ్రాం తన సొంత పనికోసం రాసుకున్న గుర్తులు ఉంటాయి. మెమరీలో కొలతగా లెక్కించే గడిని బైట్ అంటారు. ఫలానా సమాచారానికి ఇన్ని బైట్లు చాలునని ప్రోగ్రాం రాసేవారు ముందే అంచనా వేసి చోటు కేటాయిస్తారు. ఆ చోటే బఫర్. వచ్చిన సమాచారం ఆ చోటుకు మించి, పక్క మడిలోకి పొర్లడమే బఫర్ ఓవర్‌ఫ్లో.

పొలానికైతే గట్టు కంటికి కనిపిస్తుంది. మెమరీలో మడికీ మడికీ మధ్య గట్టు దానంతట అది ఉండదు. 1970 దశకం తొలి సంవత్సరాల్లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో డెనిస్ రిచీ రూపొందించిన సీ భాష ఎంతో వేగవంతమైనది, శక్తిమంతమైనది. ఎన్నో ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్లు ఆ భాషలోనూ, దాని నుంచి పుట్టిన సీ ప్లస్ ప్లస్ భాషలోనూ నిర్మితమయ్యాయి. అయితే బఫర్‌లో పోసే సమాచారం దానిలో పడుతుందో లేదో సీ భాష తానుగా కొలిచి చూడదు. ఆ బాధ్యత ప్రోగ్రాం రాసే వ్యక్తిదే. కుంచం పట్టే పాత్రలో తూమెడు గింజలు పోస్తే మిగిలినవి నేలపాలవుతాయని ఏ రైతుకైనా తెలుసు. ఆ చిన్న ఎరుక ప్రోగ్రాంలో లోపించినప్పుడు ఈ దోషం పుడుతుంది.

ఈ విషయాన్ని స్థానికమైన ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. ఊరి పేరు నింపుకోవడానికి ఒక ప్రోగ్రాం 32 బైట్ల చోటు కేటాయించిందని అనుకుందాం. ఏలూరు అనే పేరును ఆంగ్ల లిపిలో రాస్తే 5 బైట్లు చాలు. తాడేపల్లిగూడెం అనే పేరుకు ఆంగ్ల లిపిలో 14 అక్షరాలు, 14 బైట్లు. రెండు పేర్లూ ఆ చోటులో సుఖంగా ఇముడుతాయి. ఇప్పుడు అవే పేర్లను తెలుగులో రాసి చూడాలి. నేడు విరివిగా వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు హల్లుకు, గుణింతపు గుర్తుకు, పొల్లుకు, సున్నకు ఒక్కొక్కదానికి 3 బైట్లు కావాలి. ఏలూరు అన్న పదంలో ఇటువంటి సంకేతాలు 5 ఉన్నాయి, కనుక 15 బైట్లు పడుతుంది. తాడేపల్లిగూడెం కంటికి 6 అక్షరాలుగా కనిపించినా, లోపల దాగిన సంకేతాలు 14. వాటికి 42 బైట్లు కావాలి. పేరు ముగిసిందని తెలిపే గుర్తుకు మరొక బైట్ కలిపితే 43. కేటాయించిన చోటు 32 మాత్రమే. మిగిలిన 11 బైట్లూ పక్క మడిలోకి పొర్లిపోతాయి. ఆంగ్ల లిపిలోని పేర్లతో మాత్రమే పరీక్షించిన ప్రోగ్రాం ఏళ్ల తరబడి చక్కగా పనిచేసి, తెలుగు పేరు వచ్చిననాడు కుప్పకూలడానికి కారణం ఇదే.

పొర్లిన సమాచారం పక్కనున్న అక్షరాలను చెరిపివేస్తే పత్రం పాడవుతుంది, లేదా ప్రోగ్రాం ఆగిపోతుంది. అంతటితో ముగిస్తే ఇది కేవలం అసౌకర్యం. అసలు ప్రమాదం మరొకటి ఉంది. ప్రోగ్రాం ఒక పనిని మధ్యలో ఆపి మరొక చిన్న పనికి వెళ్లినప్పుడు, తిరిగి ఎక్కడికి రావాలో ఆ చిరునామాను మెమరీలోనే రాసుకుంటుంది. కచేరీలో గుమస్తా ఒక దస్త్రం మధ్యలో చీటీ పెట్టి లేచివెళ్లడం వంటిదే ఇది. బఫర్ నుంచి పొర్లిన సమాచారం ఆ చీటీమీద పడి పాత చిరునామాను చెరిపి కొత్త చిరునామాను రాయగలదు. అప్పుడు ప్రోగ్రాం తన దారి తప్పి, పత్రంలో ఎవరో దాచిపెట్టిన ఆదేశాల వద్దకు వెళ్లి వాటిని అమలుచేస్తుంది. వరదకు దురుద్దేశం ఉండదు. కానీ ఇక్కడ ఎంత నీరు పోస్తే ఏ గట్టు ఎక్కడ తెగుతుందో ముందే లెక్కగట్టి, కావాలని గండి కొట్టే వ్యక్తి ఉంటాడు. చదవడానికి తెరిచిన పత్రమే కంప్యూటర్‌ను పరుల వశం చేస్తుంది.

ఈ దోషం కొత్తది కాదు. అమెరికా వైమానిక దళం కోసం జేమ్స్ పి. ఆండర్సన్ 1972లో సమర్పించిన అధ్యయనంలోనే దీని ప్రస్తావన ఉంది. 1988 నవంబరు 2న రాబర్ట్ టాపన్ మోరిస్ అనే విద్యార్థి విడిచిన ప్రోగ్రాం అప్పటి ఇంటర్నెట్‌లో వేలాది కంప్యూటర్లను స్తంభింపజేసింది. అది ప్రవేశించిన దారులలో ఒకటి బఫర్ ఓవర్‌ఫ్లో. 512 బైట్లు మాత్రమే పట్టే చోటులోకి 536 బైట్లు పంపడం ద్వారా అది అవతలి యంత్రాన్ని లొంగదీసుకుంది. కేవలం 24 బైట్ల ఆధిక్యం ప్రపంచానికి నేర్పిన గుణపాఠం అది. కొలత చూడకుండా సమాచారాన్ని తీసుకొన్న సీ భాషలోని ఆ ఆదేశాన్ని 2011 నాటి ప్రమాణం నుంచి పూర్తిగా తొలగించారు.

వర్డ్ ప్రాసెసర్ల చరిత్రలో ఈ లోపానికి ప్రసిద్ధమైన నిదర్శనం మైక్రోసాఫ్ట్ ఆఫీసులోని ఈక్వేషన్ ఎడిటర్. పత్రాలలో గణిత సమీకరణాలను కూర్చడానికి ఉపకరించే చిన్న ప్రోగ్రాం ఇది. అందులో ఉన్న ఫైలు 2000 సంవత్సరంలో తయారైంది. 2007 నాటి ఆఫీసులో సమీకరణాలకు కొత్త ఏర్పాటు వచ్చినా, పాత పత్రాలు తెరుచుకోవాలన్న ఉద్దేశంతో పాత ఎడిటర్‌ను కూడా అలాగే ఉంచారు. సమీకరణానికి వాడిన ఫాంటు పేరును తన బఫర్‌లోకి ఎత్తి రాసుకొనేటప్పుడు ఆ ప్రోగ్రాం పేరు పొడవును కొలిచేది కాదు. అతి దీర్ఘమైన పేరును ఉద్దేశపూర్వకంగా దట్టించిన పత్రాన్ని తెరిస్తే చాలు, దాడిచేసేవాని ఆదేశాలు అమలయ్యేవి. ఎంబెడి అనే సంస్థ పరిశోధకులు ఈ లోపాన్ని కనుగొన్నారు. 2017 నవంబరులో దీనికి సవరణ విడుదలైంది. అదే ప్రోగ్రాంలో మరొక లోపం బయటపడటంతో 2018 జనవరిలో ఆ పాత ఎడిటర్‌నే ఆఫీసు నుంచి తొలగించారు. 17 సంవత్సరాలపాటు ఆ గట్టు బలహీనత ఎవరి కంటా పడకుండా కోట్లాది కంప్యూటర్లలో నిలిచి ఉంది.

సవరణ వచ్చినంత మాత్రాన ప్రమాదం తొలగిపోలేదు. 2016 నుంచి 2019 వరకు దుండగులు అత్యధికంగా వాడుకొన్న పది లోపాల జాబితాను అమెరికా ప్రభుత్వ సంస్థలు 2020 మే నెలలో ప్రకటించాయి. ఈక్వేషన్ ఎడిటర్ లోపం అందులో ఉంది. ఆఫీసు పత్రాల ద్వారానే పనిచేసే మరో బఫర్ ఓవర్‌ఫ్లో కూడా అందులో ఉంది. దానికి సవరణ 2012 ఏప్రిల్‌లోనే విడుదలైంది. మందు దొరికిన తరువాత కూడా వ్యాధి కొనసాగడానికి ఏకైక కారణం, ఆ మందును వేసుకోని కంప్యూటర్లు అసంఖ్యాకంగా ఉండటమే.

పట్టణాల్లోని డీటీపీ కేంద్రాలనూ, కార్యాలయాలనూ తలచుకుంటే ఈ మాటలోని తీవ్రత అర్థమవుతుంది. చేపలు, రొయ్యలు ఎగుమతి చేసే వ్యాపారికి ‘బిల్లు’ అన్న పేరుతో అపరిచితుల నుంచి ఒక పత్రం వస్తుంది. కొనుగోలు ఉత్తర్వుల వేషంలో పత్రాలను పంపడం ఈ దాడులలో తరచుగా కనిపించిన పద్ధతి. రోజూ వచ్చే పత్రాల వంటిదేనని భావించి గుమస్తా దాన్ని తెరుస్తాడు. తెరమీద ఏదో అస్పష్టమైన పుట కనిపించి మాయమవుతుంది. లోపల మాత్రం బ్యాంకు ఖాతాల రహస్యపదాలను సేకరించే ప్రోగ్రాం స్థిరపడుతుంది. ఒకే కంప్యూటర్‌పై వందలాది విద్యార్థుల దరఖాస్తులు నింపే కేంద్రంలో ఇదే జరిగితే, నష్టం యజమానితో ఆగదు. తమ వివరాలు ఏ కంప్యూటర్‌లో ఉన్నాయో కూడా ఎరుగని కుటుంబాలు ఆ ముంపులో చిక్కుకుంటాయి.

తెలుగు లిపికి ప్రత్యక్షంగా సంబంధించిన సంఘటన 2018 ఫిబ్రవరిలో జరిగింది. ఒకానొక తెలుగు అక్షర సంపుటిని సందేశంగా పంపితే, దాన్ని చూపబోయిన ఐఫోన్లలో ఆ అప్లికేషన్లు మూతపడసాగాయి. జకారం, పొల్లు, ఞకారం, ఆ తరువాత కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు, చివర దీర్ఘం: ఇదీ ఆ అక్షర సంపుటి నిర్మాణం. అందరూ సాధారణంగా రాసే ‘జ్ఞా’ అక్షరంలో ఆ విడదీత గుర్తు ఉండదు. కనుక ‘జ్ఞానం’ అని రాయడం వల్ల ఏ ప్రమాదమూ లేదు. ఫిబ్రవరి 19న ఆపిల్ సంస్థ సవరణను విడుదల చేస్తూ, ఇది మెమరీని చెడగొట్టే లోపమని, లోనికి వచ్చే సమాచారాన్ని మరింత జాగ్రత్తగా పరిశీలించడం ద్వారా దీనిని సరిదిద్దామని తెలిపింది. ఇది అచ్చంగా బఫర్ ఓవర్‌ఫ్లో అని ఆ సంస్థ పేర్కొనలేదు. అయినా పరీక్షించకుండా నమ్మడం అనే మూలకారణం రెండింటికీ సమానమే. అప్పట్లో కొందరు దానిని తెలుగు అక్షరపు దోషమన్నారు. అక్షరంలో ఏ దోషమూ లేదు. ఆ అక్షరపు అమరికను పూర్తిగా లెక్కలోకి తీసుకోని ప్రోగ్రాంలోనే దోషం ఉంది.

ఈ లోపాన్ని ఎదుర్కోవడానికి శాస్త్రజ్ఞులు పలు రక్షణలను కల్పించారు. పూర్వం బొగ్గుగనుల్లో విషవాయువును పసిగట్టడానికి కెనరీ అనే చిన్న పక్షిని వెంట తీసుకెళ్లేవారు. దాని పేరుతోనే 1998లో ఒక రక్షణ పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. తిరుగు చిరునామాకు ముందు ఒక రహస్య సంఖ్యను ఉంచుతారు. నీరు గట్టు దాటితే ముందుగా ఆ సంఖ్య చెరిగిపోతుంది. అది గమనించిన వెంటనే ప్రోగ్రాం తనంతట తానే ఆగిపోతుంది. సమాచారం నిలవచేసే చోట ఆదేశాలు అమలు కాకుండా నిరోధించే ఏర్పాటు 2004లో విండోస్ ఎక్స్‌పీ రెండవ సర్వీస్ ప్యాక్‌తో వచ్చింది. మెమరీలోని చిరునామాలను ఊహించడానికి వీలులేకుండా ప్రతిసారీ మార్చివేసే పద్ధతి 2007లో విండోస్ విస్టాతో సామాన్యులకు అందింది. పాత ఈక్వేషన్ ఎడిటర్‌కు ఇటువంటి రక్షణలు లేకపోవడమే దాడులను సులభతరం చేసింది. జావా, రస్ట్ వంటి భాషలైతే గట్టు దాటబోయే ప్రయత్నాన్ని తామే పసిగట్టి అడ్డుకుంటాయి.

నిర్మాతల బాధ్యత అంతటితో ముగిసినా, వాడుకరి బాధ్యత మిగిలే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ సంస్థలు విడుదల చేసే సవరణలను ఆలస్యం చేయకుండా చేర్చుకోవడం అత్యవసరం. దొంగప్రతులను వాడేవారు చాలాసార్లు ఈ సవరణలకు దూరమవుతారు. ఉచితంగా లభించే లిబ్రే ఆఫీసు వంటి వాటిని వాడినా, కొత్త ప్రతిని చేర్చుకొనే నియమం తప్పదు. అపరిచితుల పత్రాన్ని తెరవకుండా ఉండటం, తెరవక తప్పనప్పుడు మార్పులకు తావివ్వని రక్షిత వీక్షణలోనే చదవడం, ముఖ్యమైన పత్రాలకు వేరే చోట నకలు ఉంచుకోవడం మంచి అలవాట్లు. దేశంలో ఇటువంటి ప్రమాదాలపై హెచ్చరికలు జారీచేయడానికి 2004 నుంచి సెర్ట్-ఇన్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ పనిచేస్తున్నది. కపటబుద్ధితో పరుల కంప్యూటర్‌లోకి చొరబడిన వారికి సమాచార సాంకేతిక చట్టం 66వ సెక్షన్ మూడేళ్ల వరకు జైలుశిక్ష, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చునని చెబుతున్నది.

2015లో తాడేపల్లిగూడెం కేంద్రంగా జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ఏర్పడింది. డెల్టా గ్రామాల పిల్లలు అనేకులు నేడు ప్రోగ్రాములు రాసే వృత్తిలోకి ప్రవేశిస్తున్నారు. వారికి గట్టు విలువ ఒకరు చెప్పవలసిన పని లేదు. నీరు వదలడానికి ముందు మడి ఎంత పట్టునో చూసుకొనే రైతు వివేకాన్ని వారు తమ వృత్తిలోకి వెంట తీసుకుపోవాలి. ప్రతి పత్రమూ తన పొడవును తానే చెప్పుకుంటుంది. ఆ మాటను నమ్మే ముందు కొలిచి చూడటం ప్రోగ్రాం రాసేవారి ధర్మం. కొలవడానికి పట్టే కాలం క్షణంలో అత్యల్పభాగం. కొలవకపోవడం వల్ల పడిన గండిని పూడ్చడానికి ఏళ్లు చాలవని ఈక్వేషన్ ఎడిటర్ చరిత్ర నిరూపించింది.

పదాలు - అర్థాలు

ఉరవడి : వేగం, జోరు
ముంపు : నీట మునగడం
గండి : గట్టు తెగిన చోటు
లంక : చుట్టూ నీరున్న మెరక భూమి
కుంచం, తూము : ధాన్యాన్ని కొలిచే పూర్వపు కొలతలు
కచేరీ : కార్యాలయం
దస్త్రం : కాగితాల కట్ట, ఫైలు
నిదర్శనం : ఉదాహరణ
ఎరుక : తెలివిడి, జ్ఞానం

వ్యాకరణాంశాలు

మహోపకారం = మహా + ఉపకారం : గుణసంధి
విద్యార్థి = విద్యా + అర్థి : సవర్ణదీర్ఘసంధి
అత్యవసరం = అతి + అవసరం : యణాదేశసంధి
వరదనీరు = వరద యొక్క నీరు : షష్ఠీ తత్పురుష సమాసం

అభ్యాసం

అ. కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. బఫర్ ఓవర్‌ఫ్లో ఏర్పడే విధానాన్ని కొల్లేరు సరస్సుతో పోల్చి వివరించండి. ఆ పోలిక ఎక్కడివరకు సరిపోతుందో, ఎక్కడ సరిపోదో తెలపండి.
2. ఈక్వేషన్ ఎడిటర్ లోపం చరిత్రను తెలిపి, దానివల్ల నేర్చుకోవలసిన గుణపాఠాలను రాయండి.

ఆ. కింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. వరదకు దురుద్దేశం ఉండదు.
2. అక్షరంలో ఏ దోషమూ లేదు.

ఇ. కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. కొల్లేరు నీరు ఏ మార్గంలో సముద్రాన్ని చేరుతుంది?
2. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక తెలుగు హల్లుకు ఎన్ని బైట్లు కావాలి?
3. 1988 నాటి దాడిలో 512 బైట్ల చోటులోకి ఎన్ని బైట్లు పంపారు?
4. కెనరీ పద్ధతిలో తిరుగు చిరునామాకు ముందు ఏమి ఉంచుతారు?

ఈ. స్వయంగా చేయండి.
మీ ఊరి పేరును తెలుగులో రాసి, అందులోని అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లులు, సున్నలను లెక్కించండి. యూటీఎఫ్-8 పద్ధతిలో దానికి ఎన్ని బైట్లు కావాలో కనుగొని, 32 బైట్ల చోటులో అది పడుతుందో లేదో తెలపండి.